ధర్మవరం దాటని నా లొకేషన్

నిన్న మా చెల్లెలి నిశ్చితార్థంలో నేను చేసిన ఘనకార్యం వింటారా? మా ఆయన ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు!

నా సంగతి మీకు తెలుసు కదా. ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే ఒళ్లు మండుతుంది నాకు. హిందూపురంలో నా టైలరింగ్ షాపులో కూడా అంతే, మిషన్ దగ్గర్నుంచి లేస్తే లైటు ఆర్పాల్సిందే. అలాంటిదాన్ని మొన్న ఫోన్ సెట్టింగ్స్ తెరిచి చూస్తే ఏముంది? నేను ముట్టుకోని యాప్‌లన్నీ వెనకాల హాయిగా నడుస్తూ చార్జింగ్ తాగేస్తున్నాయి! ఒక్కోదాన్నీ పట్టుకుని బ్యాక్‌గ్రౌండ్‌లో నడవకుండా ఆపేశాను. ఊపు మీదున్నాను కదా, మా ఆయన ఫోన్ కూడా లాక్కుని దాన్నీ బాగుచేసి పెట్టాను. ఆయనకు మాత్రం చెప్పలేదు.

నిశ్చితార్థం పెనుకొండలో, మా పుట్టింట్లో. పెళ్లికొడుకువాళ్లు పళ్లెంలో చీర పెట్టి ఇస్తారు. అమ్మాయి లోపలికెళ్లి అది కట్టుకుని వచ్చి కూర్చోవాలి. దాని బ్లౌజు గుడ్డ ముందే పంపించారు, నేనే కుట్టాను. కుట్టేటప్పుడు చేతుల మీది పూసలు కొన్ని ఊడాయి. వాటిని మళ్లీ కుట్టమని మగ్గం వర్క్ చేసిన ధర్మవరం ఆమెకే ఇచ్చాను. నిన్న పొద్దున మా ఆయన్ను పెనుకొండకు పంపి, బ్లౌజు కోసం నేను ధర్మవరం పోయాను.

బ్లౌజు చేతికి రాగానే చెల్లెలు సునీతకు లైవ్ లొకేషన్ పంపి, "ఊరికే ఫోన్ చెయ్యొద్దు, మ్యాప్‌లో చూసుకో" అన్నాను. ఫోన్ బ్యాగులో పడేసి బస్సెక్కాను. సీటు కూడా దొరికింది!

చెన్నేకొత్తపల్లి దాటాక సునీత ఫోన్.

"యాడుండావక్కా?"

"చెన్నేకొత్తపల్లి దాటినానే, వచ్చేస్తాండా!"

"అబద్ధాలు చెప్పొద్దక్కా. మ్యాప్‌లో ఇంకా ధర్మవరంలోనే ఉండావు. అప్పట్నుంచీ కదల్లేదు!"

"నీ మీదొట్టు, బస్సులో ఉండానే!"

వెనక నుంచి మా అమ్మ గొంతు. "దాని మాట నమ్మొద్దే. హుక్కులు కుడితే అయిపోయినట్టే అని ఊరందర్నీ తిప్పుకుంటాది. అల్లున్ని బండి మీద పంపించినాం కదా, ఆయప్ప తెస్తాడులే."

టైలర్ మాట ఎవరు నమ్ముతారు చెప్పండి? మ్యాప్‌నే నమ్ముతారు.

ఇంతలో కిటికీలోంచి చూద్దును కదా, ఎదురుగా మా ఆయన! ఇస్త్రీ చొక్కా, హెల్మెట్, ధర్మవరం వైపు దూసుకుపోతున్నాడు. "ఏమండీ! ఏమండోయ్!" అని అరిచాను. బస్సులో అందరూ నావైపు తిరిగారు, ఆయన తప్ప. ఫోన్ చేస్తే ఎత్తడు. 'వెనక్కి రండి, బ్లౌజు నా దగ్గరే ఉంది' అని మెసేజ్ పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, నా లొకేషన్ కదలకుండా ఆపింది నా సెట్టింగే అని, ఆయన ఫోన్‌ను కూడా నేనే బాగుచేశానని! ఇక తెరిచి చూస్తే తప్ప మెసేజ్ రాదు.

ఆటోలో ఇంటికి పోయేసరికి సునీత లోపలి గదిలో కొత్త చీర ఒళ్లో పెట్టుకుని, అమ్మ పాత బ్లౌజుకు పిన్నీసులు పెట్టుకుంటూ ఏడుస్తోంది. బయట పెద్దవాళ్లు, "రాహుకాలం వస్తాంది, తొందరగా రమ్మనండప్పా!" అని కేకలు. నేను గబగబా బ్లౌజు తీసి చేతిలో పెట్టాను. వేసుకుంది. అతికినట్టు సరిపోయింది. "అక్కా!" అని వాటేసుకుంటే నాకూ ఏడుపు ఆగలేదు.

అంతా బాగానే జరిగింది. మా ఆయన ఒక్కడే పాపం, ధర్మవరం దాకా పోయి, తిరిగొచ్చేసరికి భోజనాల ఆకులు ఎత్తేశారు. ఓళిగలంటే, అదేనండీ బొబ్బట్లంటే, ఆయనకు ప్రాణం. వాటికోసమే పొద్దున ఇంట్లో టిఫిన్ కూడా తినలేదు!

అరుగు మీద కూలబడి ఫోన్లో మెసేజ్‌లు తెరిచాడు. నావి, సునీతవి, అమ్మవి, అన్నీ ఒక్కసారిగా పడ్డాయి. అన్నిట్లోనూ 'వెనక్కి రండి' అనే.

"నా ఫోన్‌ను ఏం చేసినావు?" అన్నాడు.

"చార్జింగ్ మిగులుతుందని..." నసిగాను.

నిజంగానే మిగిలిందండీ. ఫోన్ నిండుగానే ఉంది. ఓళిగల గిన్నెలోనే ఏమీ మిగల్లేదు!