కాల్వ ఒడ్డు నుంచి వచ్చిన కామెంట్

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఈ మాట చాలామంది అంటారు. నేను జీతం తీసుకుని మరీ అంటాను. కోదాడ దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచర్ని. నిమ్మకాయ కోస్తే నెత్తురు ఎలా కారుతుందో, అగ్గిపుల్ల గీయకుండా మంట ఎలా పుడుతుందో ఏటా ఎనిమిదో తరగతి పిల్లల ముందు చేసి చూపిస్తాను. బాణామతి అని ఎవరైనా గుసగుసలాడితే వాళ్లింటికి వెళ్లి కొట్లాడిన రోజులున్నాయి. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను. మా పిల్లలు చదివితే నా పరువేం కావాలి?

నాకున్న వ్యసనం ఒక్కటే, బ్లాగులు. లోకమంతా వీడియోల్లోకి వెళ్లిపోయినా, ఇంకా కూర్చుని రాసుకునేవాళ్లు కొందరు మిగిలారు. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వాళ్ల గుమ్మాలన్నీ ఒకసారి తొక్కి రాకపోతే నాకు తెల్లారదు. ఒకాయన ఏళ్ల తరబడి తన పాత సైకిల్ గురించే రాస్తున్నాడు, నాకు విసుగు రాలేదు. నాకూ ఒక బ్లాగుంది. బడి, వంట, బస్సు ప్రయాణాలు రాసుకుంటాను. చదివేది పదిమంది.

"ఆ పదిమందిలో నన్ను కలపమాకు" అని మా ఆయన ఏడిపిస్తుంటాడు.

ఆ పదిమందిలో ఒకరు మిర్యాలగూడ శాంతక్క. రిటైరైన టీచర్. ఆమె బ్లాగు పేరు 'కాల్వ ఒడ్డు'. సాగర్ కాల్వలో నీళ్లు వదిలిన రోజు, మిల్లుల ఊక కళ్లలో పడిన రోజు, లారీ డ్రైవర్ల తిండి, ఇలాంటివి రాసేది. చదువుతుంటే పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉండేది. ఎప్పుడూ కలుసుకోలేదు, ఫోన్లో కూడా మాట్లాడుకోలేదు. ఒకసారి నేను ఒరుగుల పప్పు గురించి రాస్తే, ఎండబెట్టిన మామిడి ఒరుగులు పార్సిల్ చేసి పంపింది. దాని మీదున్న అడ్రసు ముక్క కత్తిరించి నా డైరీలో దాచుకున్నాను.

పోయిన దసరా తర్వాత ఆమె బ్లాగు ఆగిపోయింది. విసుగొచ్చి మానేసి ఉంటుందనుకున్నాను. ఇలా మానేసినవాళ్లు ఎందరో. అప్పుడే ఒక్క ఈమెయిల్ పెట్టి ఉంటే బాగుండేది. పెట్టలేదు.

ఈ ఎండాకాలం మా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. చెయ్యి కొంచెం కొంచెంగా కదిలింది కానీ మాట రాలేదు. అన్నీ అర్థమవుతాయి, నోరు తెరిస్తే మాత్రం గాలే. ఆ గాలి విని అమ్మే సిగ్గుపడి మొహం తిప్పుకునేది. రెండు నెలలకు నోరు తెరవడమే మానేసింది. అది చూసి నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చేదాన్ని.

సూర్యాపేటలో మాటలు నేర్పించే మేడం దగ్గరికి తీసుకెళ్తే ఒక మాట చెప్పింది. మాట రానివాళ్లకు ఒక్కోసారి పాట వస్తుందట, రెండూ మెదడులో ఒకే దారిన నడవవట. చిన్నప్పటి నుంచి నోటికి పట్టిన పాట ఏదైనా ఉంటే రోజూ వినిపించమంది.

అమ్మకు వచ్చినవి నాట్ల పాటలే. పెళ్లికి ముందు పెద్దవూర దగ్గర తన పుట్టిన ఊళ్లో నాట్లకు వెళ్లేది. నా చిన్నప్పుడు బియ్యం చెరుగుతూ ఒకటి పాడేది. నాకు మొదటి ముక్క తప్ప గుర్తు లేదు: "మడి నిండ నీళ్లొచ్చె, నారేసి రాండ్రీ". ఆ ఒక్క ముక్కే రోజూ పాడాను. అమ్మ కళ్లు ఎత్తేది, అంతే.

ఒక ఆదివారం పొద్దున ఇదంతా నా బ్లాగులో రాశాను. అమ్మ ఊరి పేరు రాశాను. అమ్మ పేరు రాయలేదు, ఎప్పుడూ 'అమ్మ' అనే రాస్తాను. ఈ పాట ఎవరికైనా తెలిస్తే చెప్పండని అడిగాను.

మంగళవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా తెరుస్తుంటే కామెంట్ వచ్చింది. 'కాల్వ ఒడ్డు' అని పేరు. శాంతక్క మళ్లీ వచ్చిందని ఎంత సంతోషించానో! పేరు మీద నొక్కితే ఆమె బ్లాగే తెరుచుకుంది. కామెంట్ ఇది, అక్షరం మార్చకుండా ఇస్తున్నాను:

"మల్లమ్మ వచ్చింది, ముందు మడి నాదంది
పోషమ్మ వచ్చింది, ఒడ్డు మడి నాదంది
లింగమ్మ వచ్చింది, నడిమి మడి నాదంది
కడ మడి మిగిలింది, ఎవరొస్తరమ్మా
గీడ ఆపు బిడ్డా. నువ్వు చెప్పకు. మీ అమ్మనే అందుకుంటది."

లింగమ్మ మా అమ్మ పేరు.

ఆ సాయంత్రం అమ్మను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి పాడాను. నా గొంతు బాగుండదు. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నాడు. మల్లమ్మ అన్నప్పుడు అమ్మ నా వైపు తిరిగింది. లింగమ్మ అనగానే ఎడమ చేత్తో నా మోకాలు పట్టుకుంది. "కడ మడి మిగిలింది, ఎవరొస్తరమ్మా" అని ఆపాను.

అమ్మ నోరు తెరిచింది.

"సుక్కమ్మ వస్తదీ, కడ మడి సుక్కమ్మదీ" అని పాడింది.

వణికిన గొంతే, కానీ ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించింది. మా ఆయన పేపరు కింద పడేసి లేచి నిలబడ్డాడు. అమ్మ మళ్లీ పాడింది, మళ్లీ పాడింది, ఏడుస్తూనే పాడింది. మూడు నెలల తర్వాత మా అమ్మ గొంతు విన్నాను.

సుక్కమ్మ ఎవరో నాకు తెలియదు. ఆ పేరు మా ఇంట్లో ఎన్నడూ విన్న గుర్తు లేదు. వారం తిరిగేసరికి అమ్మకు 'నీళ్లు', 'సాలు', నా పేరు పలకడం వచ్చాయి. సుక్కమ్మ ఎవరని అడిగితే ముక్కలు ముక్కలుగా చెప్పింది.

"నా దోస్తు. పాట ఎత్తినామె... తన పేరు తను చెప్పుకోదు. పక్కన నాటేటోళ్లు... పిలవాలె."

అది వాళ్ల నాట్ల పద్ధతి అన్నమాట. పాట ఎత్తిన మనిషి అందరి పేర్లూ చెబుతుంది, తనది వదిలేస్తుంది. వరసలో ఉన్నవాళ్లు ఆమె పేరు అందుకుంటారు.

శాంతక్కకు కృతజ్ఞతలు రాశాను. జవాబు రాలేదు. ఈమెయిల్ కూడా పెట్టాను, రాలేదు. ఇక ఆగలేక ఒక ఆదివారం పొద్దున డైరీలోని అడ్రసు ముక్క తీసుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. దారిపొడవునా మడుల్లో నాట్లు పడుతున్నాయి. ఒక కిలో పాలకోవా, అమ్మ పాట రికార్డు చేసిన ఫోను తీసుకెళ్లాను.

రైస్ మిల్లు వెనక సందులో ఇల్లు. కోడలు తలుపు తీసింది. శాంతమ్మ టీచర్ కోసం వచ్చానని చెప్పాను.

"అత్తమ్మ పోయి తొమ్మిది నెలలాయె మేడం. మీకు తెల్వదా?"

గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది. కింద 'శాంతకుమారి' అని పేరు, తేదీ. ఆమె చివరి పోస్టు పెట్టిన నాలుగో రోజు.

కోడలు కుర్చీ వేసి మంచినీళ్లు తెచ్చింది. తమాయించుకుని, సైన్సు టీచర్ని కదా, ఒక్కొక్కటే అడిగాను. శాంతక్క బ్లాగు ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?

"బ్లాగంటే ఏంది మేడం? ఫోన్ల ఏదో రాసుకుంటుండె. గుండెపోటు వచ్చిన్నాడు ఫోను గుడ కిందవడి పలిగింది."

బీరువాలోంచి ఫోను తీసి ఇచ్చింది. అద్దం పగిలింది, వెనక బ్యాటరీ ఉబ్బి మూత లేచింది. చార్జర్ పెట్టి చూశాను, వెలగలేదు. ఇంట్లో కంప్యూటర్ లేదు. కొడుకు మిల్లులో పనిచేస్తాడు, తల్లి పాస్‌వర్డు కాదు కదా, ఆమె రాసేదని కూడా అతనికి తెలియదు. పోస్టులు ముందే రాసి, ఫలానా రోజు వచ్చేలా తేదీ పెట్టుకోవచ్చు, నాకు తెలుసు. కానీ నేను ఆదివారం రాసిన దానికి తొమ్మిది నెలల ముందే జవాబు ఎవరు రాసి పెడతారు?

వెళ్లొస్తానని లేచి, ఊరికే అడిగాను, అత్తమ్మది ఏ ఊరని.

"పెద్దవూర దిక్కు మేడం. సిన్నప్పుడు నాట్లకు వోతుండెనంట. హాస్టల్ల జేరినంక పాస్టరయ్య పేరు మార్చిండంట. అసలు పేరు సుక్కమ్మ."

ఫోటో ముందు నిలబడి ఫోనులో అమ్మ పాట పెట్టాను. "కడ మడి సుక్కమ్మదీ" అని అమ్మ గొంతు ఆ గదిలో వినిపించింది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు భయం వేయలేదు. ఏదో చాలా పెద్దదాని ముందు నిలబడ్డానని మాత్రం అనిపించింది. చేతులు జోడించాను. నేను, ఏ ఫోటోకూ దండం పెట్టనిదాన్ని.

పాట రాసి పంపింది సుక్కమ్మేనని అమ్మకు చెప్పాను, పోయిందని మాత్రం ఇంకా చెప్పలేదు. రోజూ పొద్దున నేను టీ గ్లాసుతో బ్లాగులు తెరిస్తే, "సుక్కి రాసిందా?" అని అడుగుతుంది. ఇంకా రాయలేదమ్మా అంటాను. అది అబద్ధం కాదు కదా.

ఆ కామెంట్ ఇప్పటికీ నా బ్లాగులో ఉంది. శాంతక్క లాగిన్ ఎవరి చేతికైనా చిక్కిందా అని కంప్యూటర్లు తెలిసినవాళ్లను అడిగాను. చిక్కి ఉండొచ్చు అన్నారు. చిక్కినా, ఆ పాట వాళ్లకెలా తెలుసు, మా అమ్మ పేరు ఎలా తెలుసు, ఒక్క సుక్కమ్మ పేరే ఎందుకు వదిలేశారు అంటే అది కంప్యూటర్ పని కాదన్నారు. తరగతిలో పిల్లలు ఇలాంటి ప్రశ్న వేస్తే తెలియదనే చెప్పాలి, చెబుతాను.

మిర్యాలగూడ నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం ఆ కామెంట్ కింద జవాబు రాయబోయాను. ఎన్నో మాటలు రాసి కొట్టేశాను. చివరికి ఆమె పాట ఎత్తి ఆపిన చోట ఏముండాలో అదే రాసి పెట్టాను.

"సుక్కమ్మ."