పొయ్యి సెగకు మసకబారని అద్దం

ఆపరేషన్ చేసి కంట్లో అద్దం పెడతారన్న మాట మా ఇంటికి మొదట మోసుకొచ్చింది నాగమ్మత్త. పొయ్యి సెగకు అది మసకబారుతుందన్నదీ ఆమే. దాంతో శుక్లాలు కమ్మిన అమ్మ వద్దని మొండికేసింది.

ఒక ఎండాకాలం పావగడ బస్సులో మా వాదన విని పక్కనున్న ముసలామె నవ్వింది.

"నా కంట్లో ఉండేదీ అదేనమ్మా. దినామూ కాలే ఇసకలో శెనక్కాయలు వేయించేదే నా పని."

మా దగ్గరున్న వేరుశెనగ విత్తనాల సంచిలోంచి గుప్పెడు తీసి, ఊగే బస్సులోనే ముడుచుకుపోయిన గింజలు ఏరి అమ్మ అరచేతిలో పెట్టింది. అమ్మ తడిమి చూసింది. ఒక్కటీ తప్పు పోలేదు, అన్నీ ముడుచుకున్నవే.

"సెగకు మసక రాలేదా అక్కా?"

"చెమట మొగానికి పడతాదమ్మా, అద్దానికి కాదు."

అమ్మ ఆపరేషన్ చేయించుకుంది. ఆ తర్వాత ఏళ్లపాటు దేవుడి దీపం అమ్మే వెలిగించింది. బస్సులోని ఆ ముసలామె పేరు మేము అడగలేదు. మీరు దీపం పెట్టేటప్పుడు ఆ శెనక్కాయల అమ్మను ఒకసారి తలుచుకోండి.