చిన్న లైను మీద ఏసమ్మ అడుగులు

మేడ్చల్‌లో నాది జిరాక్స్ షాపు. స్కానర్ కొన్న మొదటి ఏడాది ఊళ్ళో వాళ్ళ ఆధార్ కార్డులు స్కాన్ చేశాను. రెండో ఏడాది నుంచి నాకు చిన్న లైను పిచ్చి పట్టింది. పెద్ద పట్టాలు రాకముందు మా ఊళ్ళ మీదుగా నడిచిన మీటర్ గేజి దారిని ఇక్కడివాళ్ళు చిన్న లైను అంటారు. దాని టికెట్లు, ఫొటోలు, పాత పటాలు ఎవరింట్లో ఉన్నా బతిమాలి తెచ్చి, స్కాన్ చేసి, ఒక వెబ్‌సైట్‌లో పెడుతున్నాను. "రైలు ఎన్నడో పోయింది గని నీ కూతనే ఆగుతలేదు," అంటుంది నా భార్య విజయమ్మ. ఆ లైను గురించి నాకు తెలియంది లేదన్న పొగరు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు! ఆ పొగరు దింపింది గౌడవెల్లి ఏసమ్మ.

ఆమె భర్త యోహాను చిన్న లైను మీద కీమన్. రోజూ పొద్దున్నే పట్టాల వెంట నడవడం, వదులైన కీలను సుత్తితో కొట్టి బిగించడం, ఎక్కడైనా పట్టా దెబ్బతింటే ఎర్రజెండా పట్టుకుని బండికి ఎదురెళ్ళడం అతని పని. ఒకసారి విరిగిన పట్టాను చూసి, పరుగెత్తి బండి ఆపాడని పెద్ద ఆఫీసరు ప్రశంసాపత్రం ఇచ్చాడు. యోహాను పోయి పదేళ్ళయింది. కొడుకు విక్టర్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, చర్చిలో సంఘ పెద్ద. ఆ పత్రాన్ని ఫ్రేముతో సహా నా షాపుకు తెచ్చాడు.

"రాఘవేందర్ సార్, మా నాయినకు మంచి పేజీ పెట్టాలె. వచ్చే ఆదివారం ఆయన జ్ఞాపకార్థ ఆరాధన ఉన్నది. పెద్ద తెర మీద సూపిస్త."

పత్రంలో స్థలం 'కుంట మలుపు దగ్గరి మోరీ' అని ఉంది, అంటే పట్టాల కింద నీళ్ళు పోయే తూము. పెద్ద పట్టాలు వేసినప్పుడు ఆ మలుపును వదిలేసి తిన్నగా వేశారు. పాత కట్ట పొలాల్లో కలిసిపోయింది. ఒక చేతిలో పాత పటం, ఒక చేతిలో ఫోను పట్టుకుని మూడు రోజులు తిరిగినా మోరీ కనబడలేదు. విసుగొచ్చి విక్టర్‌కు ఫోన్ చేస్తే, వాళ్ళమ్మను బైకు మీద ఎక్కించుకుని వచ్చాడు.

ఏసమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. నేను గొప్పగా పటం విప్పితే దానివైపు చూడనైనా చూడలేదు.

"గది పక్కకు వెట్టు సారూ. నా ఎంబడి రా."

ముందురోజు వాన పడి నేల మెత్తగా ఉంది. ఆమె చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. కళ్ళు నేల మీదే. వెనుక నడుస్తున్న నాకు ఆమె అడుగుల ముద్రలు వింతగా కనిపించాయి. గట్టు వచ్చినా, పల్లం వచ్చినా అడుగు పెరగదు, తరగదు. ఉండబట్టలేక టేపు తీసి పది అడుగులు కొలిచాను. ఒకదానికీ ఒకదానికీ మధ్య వేలెడంత తేడా కూడా లేదు. ఆ కొలత నాకు బాగా తెలిసినదే. చిన్న లైను పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపర్ల మధ్య దూరం అది; కీమన్ అడుగు వేసేది వాటి మీదే. నా దగ్గరున్న పటాల్లో రాసి ఉంది. పట్టాలు పోయి ఇన్నేళ్ళయినా ఈ మనిషి కాళ్ళ కింద స్లీపర్లు ఉన్నాయి! అంతవరకూ నేను పోగేసిన కాగితాలన్నీ ఒక్కసారిగా చిన్నబోయాయి.

సర్కారు తుమ్మల గుబురు ముందు ఆమె ఆగింది. "గిదే."

విక్టరూ నేనూ కొమ్మలు నరికి చూస్తే ఇటుకల కమాను బయటపడింది. మనిషి వంగి దూరేంత మోరీ. చిన్నపిల్లాడిలా దాన్ని తడిమి తడిమి చూశాను. తర్వాత అడగకుండా ఉండలేకపోయాను.

"అమ్మా, నువ్వు పట్టాల గ్యాంగుల పనిజేసినవా? కీమన్ నడక నీకెట్ల వచ్చింది?"

ఆమె నావైపు కాదు, కొడుకువైపు చూసింది.

"మీ నాయినకు నౌకరిల ఆఖరి నాలుగేండ్లు కండ్లు మసక బిడ్డా. ఎర్రగుడ్డకు, పచ్చగుడ్డకు ఫరక్ తెల్వకుంట అయింది. నౌకరి పోతదని ఎవ్వలకు జెప్పలే. ఆయన ఖాకి అంగి తొడుక్కొని, రుమాలు సుట్టుకొని నేను ముందట నడ్సిన. నా సుత్తె సప్పుడు వట్టుకొని ఆయన ఎనుక వచ్చెటోడు."

విక్టర్ ముఖం మాడిపోయింది. "ఊకో అమ్మా! సార్, ఇది రాయకుండ్రి. ఆదివారం సంఘమంత వస్తది. మా నాయిన అందరిని మోసం జేసిండని తెర మీద సూపియ్యాల్నా?"

"పోయేటప్పుడు ఆయననే అన్నడు. 'గా కాగితం సూసినప్పుడల్లా సిగ్గయితాంది ఏసమ్మా, నేను పోయినంక జెప్పు' అని. నీ మొఖం జూసి పదేండ్లు నేనే నోరు ఇప్పలే."

"కాగితానికి సిగ్గు దేనికి?" విక్టర్ గొంతు తగ్గింది. "బండి ఆపింది నాయిననే గద?"

"ఉరికింది నేను. బండి ఆగంగనె, నా ఎనుకనే వచ్చిన ఆయన చేతుల జెండ వెట్టి, గీ మోరీల దూరిన. డ్రైవర్ దిగిండు, మందంత దిగిండ్రు. అండ్ల నువ్వున్నవు విక్టర్. బోలారం బడికి పోతున్నవు, ఎనిమిదో తరగతి. 'మా నాయిన! మా నాయిన బండి ఆపిండు!' అని ఒర్రుకుంట గీ కట్ట మీద ఎగిరినవ్. సరింగ నా నెత్తి మీద. గప్పుడే బయటికి వద్దామనుకున్న. నీ సంబురం ఇని ఆగిపోయిన."

విక్టర్ మోరీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూశాడు. లేచి, బురద చేతులు ప్యాంటుకు తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఫోన్ల రికార్డింగ్ వెట్టుండ్రి సార్. గిదే వేద్దాం ఆదివారం."

పెట్టాను.

"నా పేరు విక్టర్," అన్నాడు. "పట్టా ఇరిగిన పొద్దు గా బండిల నేనున్న. గా బండి ఆపింది మా అమ్మ." ఫోన్ నుంచి ముఖం తిప్పుకున్నాడు.

"నాయినను ఇడిసిపెట్టకు బిడ్డా," అంది ఏసమ్మ.

అతను కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఫోన్ దగ్గరికి వంగాడు.

"ముందట మా అమ్మ ఏసమ్మ ఉరికింది. ఎనుక, ఏం కనవడకున్నా, మా నాయిన యోహాను గూడ ఉరికిండు."