ఆయిల్ కూలర్ పీకేసిన బండి

"ఆయిల్ కూలర్ అక్కర్లేదు, కొల్లాపూర్ మేడమే పీకి పారేసింది" అని నాగర్‌కర్నూల్ దాకా డ్రైవర్లు నా పేరు చెప్పుకుంటున్నారు. పీకిన మాట నిజమే. అక్కర్లేదన్న మాట మాత్రం ఎవరి నోట్లోంచి ఊడిపడిందో నాకు తెలియదు.

2023 వేసవి. కొల్లాపూర్‌లోని నా గ్యారేజీకి నరసింహ తన పాత డీజిల్ కారు తెచ్చాడు. రేడియేటర్ మూత తీస్తే నీళ్లకు బదులు గోధుమరంగు ముద్ద. ఆయిల్ కూలరంటే ఫిల్టర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే చిన్న పెట్టె. అందులో పలుచని రేకులకు ఒకవైపు ఆయిల్, ఇంకోవైపు ఇంజన్‌ను చల్లబరిచే మందు నీళ్లు, అదే కూలెంట్, పారతాయి. ఆయిల్ వేడి అక్కడే తగ్గుతుంది. ఆ రేకులను తుప్పు తినేసి, ఆయిల్ నీళ్లలో కలిసింది.

"కూలెంట్ పోస్తున్నవా?"

"బోరు నీళ్లు పోస్తున్న అక్కా. మేం తాగుతలేమా, ఇంజన్ తాగదా?"

"మీ ఇంట్ల గిన్నెలకు పట్టిన తెల్లపొర సూసినవా? గదే ఇంజన్ల గూడ పడుతది. గిన్నెనైతే తోముతవు, దీన్నెట్ల తోముతవు?"

కొత్త కూలర్ హైదరాబాదు నుంచి రావాలి. మర్నాడు పొద్దునే అతని తల్లి బాలమ్మకు నాగర్‌కర్నూల్ దవాఖానలో డయాలసిస్. అంతకుముందుది తప్పిపోయి, ఆయాసంతో పడుకోలేకపోతోంది. బస్సులో కూర్చునే ఓపిక లేదు. పెళ్లిళ్ల రోజులు కాబట్టి అద్దె కారు ఒక్కటీ దొరకలేదు.

కూలర్ విప్పి, పొట్టి బోల్టుతో ఫిల్టర్‌ను నేరుగా ఇంజన్‌కే బిగించాను. కూలెంట్ గొట్టాలు రెండింటినీ ఒకదానికొకటి కలిపేసి, లోపలంతా కడిగి, ఆయిల్ మార్చాను. దీన్నే బైపాస్ అంటారు. ఏసీ వేయొద్దు, తొందరపడొద్దు అన్నాను. అతను తలూపిన తీరు నచ్చక, పొద్దున ముందు సీట్లో నేనూ ఎక్కాను.

పెద్దకొత్తపల్లి దగ్గర మామిడి లారీల వెనక బండి నిదానమవగానే ఎర్రటి ఆయిల్ లైటు మినుకుమంది. వేడికి ఆయిల్ పలచనై ప్రెజర్ పడిపోతోంది. నరసింహ యాక్సిలరేటర్ తొక్కాడు. లైటు ఆరింది.

"సూసినవా అక్కా? రేస్ ఇస్తే పోయింది."

"లైటు పోయింది, వేడి పోయిందా? పక్కకు ఆపు."

"ఆపితే మా అమ్మ పానం?"

"ఇంజన్ పట్టేస్తే అమ్మను బుజానేసుకపోతవా?"

వెనక నుంచి బాలమ్మ ఆయాసపడుతూనే అంది: "మీ కొట్లాట ఒడిసినంక చెప్పుండ్రి. నేను నడిచిపోత."

ఆపించాను. బానెట్ ఎత్తి నిలబడ్డాం. కారులోంచి ఆమె ఊపిరి ఈలలా వినిపిస్తోంది. రెండుసార్లు తాళంచెవి మీదికి చెయ్యిపోనిచ్చాడు, రెండుసార్లూ కసిరాను. నేను పొరబడి ఉంటే అతని తల్లికి జవాబుదారు నేనే. ఇంజన్ చల్లబడ్డాక స్టార్ట్ చేస్తే లైటు మళ్లీ రాలేదు. ఆలస్యంగా చేరాం. నర్సు చీవాట్లు పెడుతూనే ఆమెను మంచమెక్కించింది.

బైపాస్ పెట్టడం తేలిక, తీయించడమే కష్టమని ఆ బండి నాకు నేర్పింది. కొత్త కూలర్ ఎప్పుడో వచ్చింది, నా అలమరలోనే ఉంది. ఫోన్ చేస్తే "నడుస్తున్నది గదా అక్కా" అంటాడు. బాలమ్మ డయాలసిస్‌కు పోయేది ఇప్పటికీ అందులోనే. ఆగిపోయిన బండిని నడిపించడం నాకు చేతనవును. నడుస్తున్న బండిని ఆపి బాగుచేయించుకొమ్మని మనిషిని ఒప్పించేదెట్లా?