అత్త ప్రతిపాదించిన కోడలు

మొన్న పింఛను కాగితాల పనిమీద చేవెళ్లకు వెళ్లి తిరిగి వస్తూ, మొయినాబాద్ దగ్గర ఒక పంచాయతీ ఆఫీసు ముందు సర్పంచ్ నామినేషన్లు వేయడానికి వచ్చిన ఆడవాళ్లను చూశాను. చంకల్లో ఫైళ్లు, చేతుల్లో ఫోన్లు, ఒకరితో ఒకరు పరాచికాలు. వాళ్లను చూస్తే ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. అలాంటి ఆఫీసుల్లో ఎన్నికల అధికారిగా కూర్చున్న రోజుల్లో మాత్రం నాకింత సంబరం ఉండేది కాదని మనలో మాటగా ఒప్పుకోవాలి.

మండలాఫీసు ఉద్యోగులకు ఆ కాలంలో ఏకగ్రీవమంటే పండగే. పెట్టెలు మోయక్కర్లేదు, బడి బల్లలమీద నడుము వాల్చనక్కర్లేదు, లెక్కింపులో తగవులుండవు. కనకమామిడి అవతల ఒక ఊళ్లో, పేరెందుకు లెండి, ఎప్పుడూ పెద్దలు కూర్చుని ఒకరిని నిలబెట్టేవారు, మేము ప్రకటన చదివి చల్లగా ఇల్లు చేరేవాళ్లం. ఒకసారి అక్కడ సర్పంచ్ పదవి ఆడవాళ్లకు కేటాయించారు. పెద్దలు తమలో ఒకాయన భార్యతో నామినేషన్ వేయించి పని అయిపోయిందనుకున్నారు. నేనూ అనుకున్నాను.

చివరి రోజు గడువు ఇంకో గంటలో ముగుస్తుందనగా ఒక రైతు ఇంటి కోడలు, పదో తరగతి చదివిన పిల్ల, ఫారం నింపుకుని వచ్చింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఆమె పేరును ప్రతిపాదించే ఓటరు సంతకం తప్ప. పెడతానని మాటిచ్చిన పక్కింటాయనను ఎవరో చాయ్ తాగుదామంటూ స్కూటరెక్కించుకుని మొయినాబాద్ తీసుకుపోయారట. సంతకం లేనిదే చెల్లదమ్మా అన్నాను. చెప్పింది నిబంధనే గానీ, లోపల్లోపల హాయిగా కూడా అనిపించింది, అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ పిల్ల ఫారం తీసుకుని బయటికి నడిచింది.

పావుగంట మిగిలిందనగా అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. పొలంలో కొత్తిమీర పీకుతున్న మనిషి, మట్టి చేతులతోనే వచ్చింది. అరుగుమీది పెద్దలు, చదువురాని ముసలిదానికి ఇవన్నీ ఎందుకని నాకు వినబడేలా అనుకున్నారు. నేనూ ఉండబట్టలేక, బాగా ఆలోచించుకున్నావా అవ్వా అని అడిగాను.

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంది. "ఓటు పేరుకే ఉన్నది సారూ. నేను ఈ ఊరికి కోడలిగ వచ్చిన కాంచి సర్పంచికి ఒక్కపారి గూడ ఓటేసింది లేదు. నా కోడలు గెలుస్తదో ఓడుతదో నాకెర్క లేదు. నేనైతే ఓటెయ్యాలె."

ఓటర్ల జాబితాలో ఆమె పేరు నేనే వెతికి, వరుస సంఖ్య రాసి, వేలిముద్ర వేయించుకున్నాను.

పోలింగ్ నాడు అందరికంటే ముందొచ్చి వరుసలో నిలబడింది అవ్వే. కోడలు ఓడిపోయింది. ఫలితం చదవడం నాకే కష్టమనిపించింది గానీ, అత్తాకోడళ్లు వచ్చేసారి ఏం చేయాలో మాట్లాడుకుంటూ ఇంటికి వెళ్లిపోయారు.

ఆ ఊళ్లో మళ్లీ ఏకగ్రీవం మాట ఎవరూ ఎత్తలేదని తర్వాత విన్నాను. అక్కడి పొలాలు చాలావరకు ఇప్పుడు ఫామ్‌హౌస్ గోడల వెనక్కి పోయాయి, అది చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆడవాళ్లు మాత్రం ఎవరినీ బతిమాలకుండా వచ్చి నామినేషన్లు వేస్తున్నారు. ఆ రోజు అవ్వ ఒక్క పావుగంట ఆలస్యం చేసి ఉంటే, నేను కాగితాలు సర్దుకుని సంతోషంగా ఇంటికి పోయి ఉండేవాణ్ణి, దేన్ని ఆపానో తెలియకుండానే.