నాయనమ్మ తోమిన రాగిరేకు

నా చిన్నప్పుడు సిడ్నీలోని పెండిల్ హిల్‌లో మేమున్న పాత ఇటుక ఇంటికి, వీధివైపు కిటికీ పైన రాగిరేకు కప్పు ఉండేది. ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పచ్చబడిన రేకు అది. ఒక వడగళ్ల వానకు అందులో సగం చితికిపోతే మా నాన్న కొత్త రేకు వేయించారు. సగం ఆకుపచ్చగా, సగం తళతళలాడుతూ ఉండటం ఆయనకు కంటగింపైంది. జరిగినదాన్ని జరిగిన వరుసలోనే రాస్తాను. తప్పు ఎవరిదో తేలాలంటే వరుస ముఖ్యం.

మా నాన్న ఇంజినీరు. ముందు కొత్త రేకును సబ్బునీళ్లతో జిడ్డు లేకుండా కడిగారు. తర్వాత వెనిగర్‌లో ఉప్పు కలిపి చల్లి, తడి ఆరకుండా ప్లాస్టిక్ పట్టా కప్పారు. ఆరినప్పుడల్లా మళ్లీ చల్లేవారు. కొన్నాళ్లకు అదీ పాతదానిలాగే పచ్చబడింది. పక్కింటి ఆస్ట్రేలియా అంకుల్ కంచె మీదుగా చూసి మెచ్చుకున్నారు. ఆయన మెప్పు మా నాన్నకు చాలా అవసరం.

అంతలో తెనాలి నుంచి మా నాయనమ్మ వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. రాగి మీద చిలుము కనబడితే ఆ ఇంటి ఆడవాళ్లకు తలవంపులని ఆమె నమ్మకం. మేమంతా బయటికెళ్లిన పూట స్టూలెక్కి, చింతపండూ ఉప్పూ వేసి తోమేసింది. మా నాన్న పట్టించిన చిలుము పూర్తిగా వదిలిపోయింది. పాత సగం మాత్రం మొండికేసింది.

"ఎంత రుద్దినా ఆ పక్కది వదల్లేదురా. రేపు చూస్తాను. చిలుము పట్టిన రాగి వీధిలోకి కనబడితే నీ పెళ్లాన్ని సోమరిదంటారు," అంది, మేము తిరిగి రాగానే మా నాన్నతో.

మా నాన్న నోరు తెరిచేలోపే పక్కింటి అంకుల్ వచ్చి ఏమైందని అడిగారు. తన తల్లికి ఈమధ్య మతి సరిగా ఉండటం లేదని మా నాన్న ఇంగ్లీషులో చెప్పి నవ్వారు. అంకుల్ కూడా నవ్వారు. అది చూసి నాయనమ్మ ఆయనకు నవ్వుతూ దండం పెట్టింది.

"ఏమంటున్నార్రా?"

"నీ పనితనం బాగుందంటున్నారమ్మా."

నేను పక్కనే ఉన్నాను. నాకు రెండు భాషలూ వచ్చు.

మర్నాడు పొద్దున మిగిలిన సగం తోముదామని నాయనమ్మ చింతపండు తీసుకుని బయటికొచ్చింది. మా నాన్న నిచ్చెన మీదుండి, ఆమె తోమిన చోటే వెనిగర్ చల్లుతున్నారు.

"మళ్లీ చిలుము పట్టిస్తున్నావా?"

"ఇక్కడి పద్ధతి అంతేనమ్మా. నీకు తెలీదు."

ఆమె కాసేపు ఆ రేకును చూసింది. తర్వాత కొడుకును చూసింది. చింతపండు పట్టుకుని లోపలికెళ్లింది. ఆ తర్వాత మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ, తను తిన్న కంచం కడగబోతూ కూడా "ఇది తోమచ్చా?" అని అడిగేది.

ఇక్కడివాళ్లకు చిలుమే అందమని ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె నవ్వి ఊరుకునేది. ఆ ఒక్క మాటకు బదులు మా నాన్న రెండు భాషల్లో రెండు అబద్ధాలు చెప్పారు. ఆయన పోయి చాలాకాలమైంది. ఈ ఒక్క విషయంలో నేను ఆయన్ను క్షమించలేదు.

ఇప్పుడు నేనుంటున్న హారిసన్‌లో మా ఇంటికి నలుగురు వచ్చినప్పుడు, ఇంగ్లీషు రాని పెద్దవాళ్ల గురించి వాళ్ల ముందే ఎవరైనా ఇంగ్లీషులో మాట్లాడితే, నేను మధ్యలో ఆపి, అన్నది అన్నట్టుగా వాళ్లకు తెలుగులో చెప్పేస్తాను. గదంతా బిగుసుకుపోతుంది.

"అమ్మమ్మా, ప్లీజ్, ఇట్స్ సో ఆక్వర్డ్," అంటుంది మా మనవరాలు.

"ఇబ్బందిగా ఉండాలనే చెప్తున్నానమ్మా," అంటాను.