ఎర్ర గుర్తు దాటి మంగినపూడి సముద్రానికి, చక్రాల కుర్చీలో

మా గుడివాడకు బందరు సముద్రం పెద్ద దూరమేమీ కాదు. అయినా నలభై ఏళ్లు దగ్గర పడేదాకా నేను చూడలేదు. చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. కార్తీక పున్నమికి ఇంటిల్లిపాదీ స్నానాలకు వెళ్తూ నన్ను పిన్ని దగ్గర వదిలేవారు. వచ్చేటప్పుడు సీసాలో సముద్రం నీళ్లు తెచ్చి నా నెత్తిన చల్లేవారు. వాళ్లది ప్రేమే. నాకు మాత్రం ఒళ్లు మండేది.

పోయినేడాది ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నాను. మాలాంటివాళ్లకు దారులు చూపించే యాప్ అది. ర్యాంపు, లిఫ్టు ఉంటే పచ్చ గుర్తు, సాయం కావాలంటే పసుపు, అసలు వీల్లేదంటే ఎరుపు. గుర్తులు పెట్టేదీ మార్చేదీ వాడేవాళ్లే. విజయవాడలో నాకు బాగా పనికొచ్చింది. బందరు తెరిచి చూస్తే ఊరంతా ఖాళీ. ఒక్క మంగినపూడి బీచ్ మీద మాత్రం ఎర్ర గుర్తు, దాని కింద ఒకే వాక్యం: ‘వీల్‌చైర్‌వాళ్లు రాలేరు.’ ఎవరు రాశారో తెలీదు. రాలేమని తేల్చడానికి వాళ్లెవరు? ఆ ఆదివారమే బయలుదేరాను.

రైలు చవకే గాని, పెట్టె మెట్లు ఎత్తు. ఎవరో ఒకరు నన్ను ఎత్తుకోవాలి. ఆ పని నాకు గిట్టదు. మా వీధిలో ఆటో నడిపే వెంకటేశ్వరరావు రానూపోనూ రెండు వేలకు ఒప్పుకున్నాడు. నేను పనిచేసే స్కూల్లోనే లెక్కలు చెప్పే రెహానా తోడొచ్చింది. ఆమె పుట్టిల్లు బందరే. కుర్చీ మడిచి ఆటో వెనక కట్టి, ఏడింటికి బయలుదేరి, గుడ్లవల్లేరు, పెడన మీదుగా ఎనిమిదిన్నరకు బందరు కోనేరు సెంటర్ చేరాం.

టిఫిన్ హోటల్ ముందు మూడు మెట్లున్నాయి. కౌంటర్లో ఉన్న యజమాని నన్ను చూడగానే, “మీరెందుకమ్మా కష్టపడటం, ఆటోలోకే పంపిస్తాం” అన్నారు.

“కూర్చుని తిందామని వచ్చానండీ.”

“పోనీ, మావాళ్లు ఎత్తి కూర్చోబెడతారు.”

“నన్నెవరూ ఎత్తొద్దండీ. దారుంటే నేనే వస్తాను.”

“ఇప్పటికిప్పుడు మెట్లు పగలగొట్టమంటారా ఏంటి?” అని నవ్వారాయన. లోపల తింటున్నవాళ్లు కూడా ఒకరిద్దరు నవ్వారు.

నేను కుర్చీకి బ్రేకు వేసుకుని గుమ్మానికి ఎదురుగా ఉండిపోయాను. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నన్ను చుట్టి వెళ్తున్నారు. ఈలోగా రెహానా పక్కగోడకు ఆనించి ఉన్న ఇనుప రేకును చూసింది.

“అదెందుకండీ?”

“రాత్రిళ్లు బండి లోపల పెట్టుకోడానికండీ.”

“మీ బండికి దారుంది, మా సుజాతకు లేదా?”

ఆయన నవ్వు ఆగిపోయింది. కుర్రాళ్లను పిలవకుండా తనే వచ్చి మెట్ల మీద రేకు పరిచారు. ఏటవాలు ఎక్కువే. వెనక రెహానా పట్టుకుంది, చక్రాలు మాత్రం నేనే తిప్పుకున్నాను. పెసరట్టు ఉప్మా చాలా బాగుంది. వెళ్లేటప్పుడు ఆయన, “ఈసారి ముందుగా ఫోన్ చెయ్యండమ్మా, వేసి ఉంచుతాం” అన్నారు.

“పెసరట్టు తినడానికి ఫోన్ చేసి వచ్చేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారాండీ?” అన్నాను. యాప్‌లో ఆ హోటల్‌కు పసుపు గుర్తు పెట్టి, ‘రేకు ఉంది, అడగండి’ అని రాశాను.

అక్కణ్ణించి మంగినపూడి అరగంట. రోడ్డు అయిపోయాక పొడి ఇసుక మొదలైంది. బళ్లు నిలిపే చోట చీటీలిచ్చే పెద్దాయన, “ఇసకలో కూరుకుపోద్దమ్మా. ఇక్కణ్ణించే చూడండి, బానే కనపడుద్ది” అన్నాడు. ఆయన మాట అబద్ధం కాదు. కాస్త దూరం వెళ్లేసరికి ముందు చక్రాలు దిగబడ్డాయి. నేను ముందుకు తూలి ఇసుకలో బోర్లాపడ్డాను.

“అక్కా, ఎత్తుకుంటానక్కా!” అంటూ వెంకటేశ్వరరావు పరిగెత్తుకొచ్చాడు.

“నన్నొద్దు. కుర్చీ సంగతి చూడు.”

జనం మూగారు. ఒకతను ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. రెహానా అతని మీదికి వెళ్లబోతే ఆపాను. “తియ్యండి బాబూ. తీస్తే సముద్రం దాకా తియ్యండి” అన్నాను. లేచి కూర్చుని, అరచేతులు వెనక్కి ఆనించి, కూర్చున్నట్టే వెనక్కి జరగడం మొదలుపెట్టాను. చేతులు మండాయి, చుడీదారు నిండా ఇసుక. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాను. వాళ్లిద్దరూ ఖాళీ కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద లాక్కొచ్చారు. వీడియో తీసేవాడు సగం దూరంలోనే ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

తడి ఇసుక తారు రోడ్డంత గట్టిగా ఉంది. రెహానా కుర్చీ కదలకుండా పట్టుకుంటే నేనే ఎక్కి కూర్చున్నాను. అక్కణ్ణుంచి నన్నెవరూ తొయ్యలేదు. అల వచ్చి చక్రాల సగం దాకా తడిపింది.

“ఉప్పునీళ్లక్కా, తుప్పు పట్టిద్ది” అన్నాడు వెంకటేశ్వరరావు.

“పట్టనీ” అన్నాను. గట్టిగా నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

తిరుగుదారిలో కుర్చీలో కూర్చునే ఉన్నాను. వెనక్కి తిప్పి లాగితే, నేను కూడా చక్రాలు తిప్పుతుంటే, పొడి ఇసుకలోనూ కదిలింది. ఆ సాయంత్రం యాప్ తెరిచి పచ్చ గుర్తు పెట్టబోయి ఆగాను. నా పంతం కోసం ఇంకొకరిని ఇసుకలో పడేయకూడదు కదా. ఎరుపు తీసి పసుపు పెట్టి, ‘పొడి ఇసుకలో ఇద్దరి సాయం కావాలి, కుర్చీ వెనక్కి తిప్పి లాగాలి, తడి ఇసుకలో సొంతంగా వెళ్లొచ్చు’ అని రాశాను. నాలుగు రోజులకు దివిసీమ నుంచి, అవనిగడ్డ ఆవిడ ఒకరు, ‘అక్కడ బాత్రూమ్‌కు వెళ్లగలమా?’ అని అడిగారు. కుర్చీ పట్టే బాత్రూమ్ నాకు కనబడలేదు. ఆ రోజు నేను పొద్దుటి నుంచీ నీళ్లు తాగకుండా తిరిగాను. అదీ రాశాను. రాలేకపోవడం మా కాళ్ల తప్పని ఇన్నాళ్లూ నమ్మించారు. ఏ చోట ఏది లేదో పేరు పెట్టి రాస్తే, కట్టాల్సినవాళ్లను అడగడానికి మా చేతిలో ఒక మాట ఉంటుంది.

మీరూ బయలుదేరుతుంటే ఒక్క సలహా. హోటల్‌కో లాడ్జికో ఫోన్ చేసినప్పుడు ‘వీల్‌చైర్ వస్తుందా?’ అని అడగకండి, అందరూ ‘రండి, పర్లేదండీ’ అనే అంటారు. ‘గుమ్మం ముందు మెట్లెన్ని?’ అని అడగండి. అప్పుడు ఫోనెత్తినాయన లేచి బయటికి వెళ్లి లెక్కపెడతాడు. చాలామంది తమ మెట్లను మొదటిసారి చూసేది అప్పుడే.